తోమేసిన నాణెం

బెంగుళూరు వచ్చి పాతికేళ్ళు దాటినా, కస్తూర్బా రోడ్డు మీదున్న ఎర్రరంగు ప్రభుత్వ మ్యూజియంలోకి అడుగుపెట్టే తీరిక నాకు చాలాకాలం చిక్కలేదు. 1865లో ఏర్పడిన మ్యూజియం అది. బస్సులోంచి చూస్తూ ‘ఎప్పుడో ఒకప్పుడు వెళ్దాంలే’ అనుకోవడంతోనే సరిపోయేది. కొన్నేళ్ళ క్రితం మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు పుణ్యమా అని వెళ్ళక తప్పలేదు.

శిల్పాలు, శాసనాలు చూసుకుంటూ నాణేల దగ్గరకు వచ్చాం. “నాన్నా, ఇవి కూడా డబ్బులేనా? నల్లగా, వంకరటింకరగా ఉన్నాయే!” అంది మా అమ్మాయి. అద్దం వెనక శాతవాహనుల కాలంనాటి సీసపు నాణేలు. ఒకదాని మీద ఏనుగు, చుట్టూ అక్షరాలు. చూడగానే నా గుండె ఝల్లుమంది. అలాంటిదాన్ని నేను ఈ చేతులతో పట్టుకున్నాను. పట్టుకోవడమే కాదు, పాడు చేశాను కూడా.

మా అమ్మమ్మగారిది కృష్ణ ఒడ్డున, అమరావతి పక్కనున్న ధరణికోట. నాకు తొమ్మిదో పదో ఏడు. పెద్ద వాన వెలిసిన మర్నాడు దిబ్బ మీద ఆడుకుంటుంటే మట్టిలో ఒక బిళ్ల దొరికింది. మామయ్యకు చూపిస్తే, “వానలు పడ్డాక ఇక్కడ ఇలాంటివి కనబడుతూనే ఉంటాయిరా, సీసపు ముక్క” అన్నాడు. దానిమీద ఏదో నాలుగుకాళ్ళ జంతువు, అంచున గీతలు ఉన్నట్టు లీలగా గుర్తు. వెండేమోనన్న ఆశతో చింతపండూ ఇటుకపొడీ వేసి తోమాను. చాలక బావి దగ్గర రాతి మీద అరగదీశాను. చివరకు నున్నటి బిళ్ల మిగిలింది. మా అక్క దాన్ని తొక్కుడుబిళ్లకు వాడుకుంది. సెలవులు అయిపోయేలోగా అదీ పోయింది.

ఆ అంచున ఉన్న గీతలు రాజుగారి పేరు అయ్యుండవచ్చని నాకు తెలిసేసరికి నలభై ఏళ్ళు దాటాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే మరి! ఆ ధరణికోటే ప్రాచీన ధాన్యకటకం. 1962 నుంచి 1965 వరకు అక్కడ జరిపిన తవ్వకాల్లో, ఊరిని కృష్ణానదితో కలుపుతూ తవ్విన పడవల కాలువ, దాని రేవు బయటపడ్డాయి. మేము కోతికొమ్మచ్చి ఆడిన నేల కింద ఒకప్పుడు ఓడ సరుకులు దిగేవన్నమాట.

ఆ సిగ్గుతోనే పాత నాణేల గురించి చదవడం మొదలుపెట్టాను. మొదటి ఆశ్చర్యం మన బెంగుళూరులోనే ఎదురైంది. మనం రైలెక్కే యశ్వంతపురంలో 1891లో 163 రోమన్ వెండి నాణేలు దొరికాయి. తరువాత హెచ్.ఏ.ఎల్. ప్రాంతంలో కూడా ఇలాంటి నిధి బయటపడింది. అగస్టస్, టైబీరియస్, క్లాడియస్ చక్రవర్తుల నాణేలు అవి. కెంపేగౌడ ఈ ఊరు కట్టించడానికి దాదాపు 1500 ఏళ్ళ ముందే రోము డబ్బు ఇక్కడి మట్టిని చేరిందన్నమాట!

ముప్పై ఏళ్ళు బ్యాంకులో లెక్కలు చూసినవాణ్ణి కనుక నాకు ఇవి పాస్‌బుక్కులాగా కనిపిస్తాయి. పాస్‌బుక్కులో చివరి ఎంట్రీ ఏ తేదీదో చూస్తే ఖాతా అప్పటిదాకా నడిచిందని తెలుస్తుంది. నిధిలో కూడా అన్నిటికన్నా కొత్త నాణెం ఏదో చూస్తారు. క్లాడియస్ క్రీ.శ. 41లో గద్దెనెక్కాడు. కాబట్టి ఆ నాణేలను దాచింది అంతకుముందు కాదని ఖాయంగా చెప్పవచ్చు.

ఇంకో విశేషం. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి వెండి నాణెం బరువూ తగ్గించాడు, అందులో వెండి పాలూ తగ్గించాడు. మన దేశంలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో ఎక్కువభాగం అంతకు ముందువే. తూచి, గీటుపెట్టి చూసి పుచ్చుకునే షావుకార్లు మనవాళ్ళు! రోమన్ రచయిత ప్లినీ, ఏటా ఐదు కోట్ల సెస్టర్షియస్‌లు ఇండియాకు తరలిపోతున్నాయని వాపోయాడు. నాలుగు సెస్టర్షియస్‌లు ఒక వెండి దెనారియస్. అంటే ఏడాదికి కోటీ పాతిక లక్షల వెండి నాణేల విలువ. మిరియాలకూ, ముత్యాలకూ, సన్నని బట్టలకూ వాళ్ళిచ్చిన ధర అది.

అయితే లెక్కలకు అందనిది ఒకటుంది. పదేళ్ళపాటు ఎవరూ అడగని డిపాజిట్లను 2014 నుంచి బ్యాంకులు రిజర్వు బ్యాంకు నిర్వహించే నిధికి పంపుతున్నాయి. ఆ జాబితాలు తయారుచేసేటప్పుడు నాకు మనసు బరువెక్కేది. ప్రతి పేరు వెనకా తిరిగి రాని మనిషి ఒకడుంటాడు. యశ్వంతపురం నిధి కూడా అలాంటి ఖాతాయే. రేపో మాపో తీసుకుందామని పాతిపెట్టినవాడు రాలేదు. వచ్చి ఉంటే మనకు దొరికేది కాదు కదా!

వస్తువు ఒక్కటే కాదు, అది దొరికిన చోటు కూడా సాక్ష్యమే. చిత్రదుర్గం దగ్గర చంద్రవల్లిలో 1947లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపించారు. అక్కడ శాతవాహన నాణేలూ దొరికాయి, రోమన్ నాణేలూ దొరికాయి. రోమన్ చక్రవర్తుల తేదీలు మనకు తెలుసు. వాటి తోడుగా ఒకే పొరలో ఉన్న కుండలకూ పూసలకూ కాలం కట్టవచ్చు. అదే నాణెం ఎవరో తవ్వి అమ్మేస్తే అది ఒట్టి వెండి ముక్క. వోచరు లేని ఎంట్రీని ఏ ఆడిటరు ఒప్పుకుంటాడు?

నా బిళ్లను తలచుకున్నప్పుడల్లా గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాల గుర్తొస్తుంది. అక్కడి మట్టిలో దొరికిన నాణేలను సంగనభట్ల నరహరిశర్మగారు శ్రద్ధగా సేకరించారు. డాక్టర్ పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు వాటిని పరిశీలించి చదివారు. పురాణాలు శాతవాహన వంశ మూలపురుషుడిగా చెప్పే శ్రీముఖుని పేరు ‘చిముక’ అని అక్కడి నాణేల మీద కనిపించింది. గోబద, నారన, సమగోప అనే, అంతకుముందు ఎవరూ వినని స్థానిక పాలకుల పేర్లూ వెలుగుచూశాయి. వాళ్ళూ తోముకుని ఉంటే?

శాతవాహనుల వెండి నాణేల మీద ఇంకో ముచ్చట ఉంది. ఒకవైపు రాజు బొమ్మ, ప్రాకృతంలో పేరు. రెండోవైపు అదే పేరు ‘కు’ విభక్తితో ఒక దక్షిణాది భాషలో ఉంటుంది. అది తమిళమని కొందరు, తెలుగుకు తొలిరూపమని కొందరు పండితులు అంటారు. ‘రామునకు’, ‘నాకు’ అనే మనకు ఆ ‘కు’ చూస్తే మనసు ఉప్పొంగుతుంది. అయినా మనదేనని సంతకం పెట్టేయడానికి నాకు చెయ్యి రాలేదు. నాణెం చెప్పినంత వరకే మనం చెప్పాలి. ఉన్న గీతల్ని చెరిపేయడం ఎంత తప్పో, లేని గీతల్ని చేర్చడమూ అంతే తప్పు.

ఆ రోజు మ్యూజియం మెట్ల మీద కూర్చుని మా అమ్మాయికి నా బిళ్ల కథంతా చెప్పాను. అంతా విని, “నాన్నా, దానిమీద ఏ పేరు ఉండేదో?” అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఈసారి సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు మీ పిల్లలకు మట్టిలో ఏదైనా పాత వస్తువు దొరికితే తోమనివ్వకండి. దొరికిన చోటు కాగితం మీద రాసుకోండి. పది రూపాయల విలువ దాటిన నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టమే చెబుతోంది. ఆ వస్తువు మనది కాకపోవచ్చు, కానీ అది చెప్పే కబురు మనందరిదీ.