కుర్సురా నేల కింద

విశాఖ ఆర్కే బీచ్‌లో ఇసుక మీద నిలబెట్టిన ఐఎన్ఎస్ కుర్సురా 91 మీటర్ల పొడవున్న జలాంతర్గామి. 1969 డిసెంబరులో సోవియట్ యూనియన్‌లో మన నౌకాదళం చేతికొచ్చింది. 2001లో సేవ నుంచి తప్పుకుని, మరుసటి ఏడాది మ్యూజియం అయింది. నేను అక్కడికి వెళ్లింది ఒక ప్రశ్న పట్టుకుని: రేపటి యుద్ధానికి ఏ పరిజ్ఞానం మీద డబ్బు పెట్టాలో ఎలా తేల్చుకోవాలి?

లోపల ఏడు అరలు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి గుండ్రటి తూములాంటి ద్వారంలోంచి ముందు కాలు పెట్టి, నడుం వంచి దూరాలి. ముందు గదిలో ఆరు టార్పెడో గొట్టాలు, వెనక నాలుగు. తల ఎత్తితే పైపు, పక్కకి జరిగితే వాల్వు. డెబ్బై మందికి పైగా మనుషులు వారాల తరబడి ఇందులోనే తిని, ఇందులోనే పడుకున్నారంటే ఒళ్లు జలదరించింది.

రెండో అరలో గైడు ఆగి, కాలితో నేలను తట్టారు. ఆయన మాజీ నావికుడు. "బ్యాటరీలు దీని కిందే సార్. నీళ్లలో ఉన్నంతసేపూ వాటి మీదే మా బతుకు."

ఇళ్లలో ఇన్వర్టర్లకు వాడే సీసం బ్యాటరీల జాతే, కాకపోతే ఒక్కోటీ భారీది. నీటి అడుగున మోటార్లు తిరిగేది వాటితోనే. అవి ఖాళీ అయితే డీజిల్ ఇంజన్లు వేసి ఛార్జి చేసుకోవాలి. డీజిల్ మండాలంటే గాలి కావాలి. గాలి కోసం పడవ పైకొచ్చి, స్నార్కెల్ గొట్టం నీటి మీదకి పెట్టాలి. శత్రువుకి దొరికిపోయే ప్రమాదం ఎక్కువ ఉండేది అప్పుడే.

దొరకబుచ్చుకునేది రోడ్డుకి అవతలే ఉంది. టీయూ-142 విమానం, 1988 నుంచి 2017 దాకా మన నౌకాదళానికి సముద్రం మీద కాపలా కాసింది. రాడార్‌తో నీటి పైభాగం వెతికేది, సోనోబాయ్‌లు జారవిడిచి అడుగున చప్పుళ్లు వినేది. ఈ రెండింటి నడుమ రోడ్డు దాటుతుంటే నా ప్రశ్నకి సగం జవాబు దొరికింది. కొత్తగా ఏమొచ్చింది అన్నది తర్వాతి మాట. మన నావికుడు ఎక్కడ చిక్కుతున్నాడో ముందు అది చూడాలి.

ఆ చిక్కుకి ఇప్పుడు రెండు దారులున్నాయి. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోకి చెందిన అంబర్‌నాథ్ ల్యాబ్ బయటి గాలితో పనిలేకుండా కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్ తయారుచేసి, 2021 మార్చిలో నేల మీద పరీక్షించింది. జపాన్ మాత్రం 2020లో తన నౌకాదళంలో చేరిన ఓర్యూ జలాంతర్గామితో, బయటి గాలి అక్కర్లేని తన స్టిర్లింగ్ ఇంజన్లనే తీసేసి, లిథియం బ్యాటరీలకి మారింది. దాంతో మన దారి పాతబడిందనే మాట వినిపిస్తుంది. నేనలా అనుకోను. లిథియం బ్యాటరీ ఎక్కువ కరెంటు పట్టి ఉంచుతుంది, వేగంగా పరుగెత్తిస్తుంది, కానీ అయిపోయాక మళ్లీ ఆ డీజిలే దిక్కు. జలసంధుల దగ్గర చప్పుడు లేకుండా రోజుల తరబడి పొంచి ఉండాల్సిన మనకి ఫ్యూయల్ సెల్ మీద పెట్టిన డబ్బు వృథా కాదు.

ఆలస్యమైందని చేతులెత్తేస్తే ఏం పోతుందో ఈ ఊరే చెబుతుంది. కుర్సురా చేరిన 1969లోనే ఇక్కడ డీఆర్‌డీవో ల్యాబ్ ఎన్ఎస్‌టీఎల్ పుట్టింది. అది రూపొందించిన బరువైన టార్పెడో వరుణాస్త్ర నౌకాదళానికి అందింది 2016లో. మధ్యలో ఎవరో విసిగి ల్యాబ్ మూసేసి ఉంటే ఇవాళ అదీ లేదు. అలాగని మొదలెట్టినవన్నీ మోయమని కాదు. 1983లో ఒకే పథకం కింద మొదలైన క్షిపణుల్లో ఆకాశ్ సైన్యంలో చేరింది, త్రిశూల్ ఆగిపోయింది. ఆపడమూ నిర్ణయమే.

2024 డిసెంబరు 30న రక్షణ శాఖ రెండు ఒప్పందాల మీద సంతకం చేసింది. మన ఫ్యూయల్ సెల్‌ని నేటి కల్వరి తరగతి జలాంతర్గాముల్లో అమర్చడానికి దాదాపు 1,990 కోట్లు, డీఆర్‌డీవో టార్పెడోని వాటికి బిగించే పనికి ఫ్రాన్స్ సంస్థకి దాదాపు 877 కోట్లు. మొదటిది సరైన చోట పడ్డ డబ్బు. రెండో పని ఇకపై విశాఖ ల్యాబ్‌కే దక్కాలి, అందుకు కావలసిన పరీక్షల ఖర్చు ఇప్పటి నుంచే కేటాయించాలి.