మిర్చి ఘాటులో టూస్ట్రోక్ వాసన

గుంటూరు మిర్చి యార్డు దగ్గర మాస్కు లేకుండా ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. ఫిబ్రవరి నుంచి మే దాకా అక్కడి గాలే వేరు. కళ్లు మండుతాయి, గొంతు గరగరమంటుంది. టిక్కీలు మోసే హమాలీలు ముక్కుకి తువ్వాలు చుట్టుకుని అలాగే పని చేసుకుపోతుంటారు. ఆ ఘాటులోకి అప్పుడప్పుడూ ఇంకో వాసన వచ్చి కలుస్తుంది. కాలిన 2టీ ఆయిల్ వాసన. వెనక్కి తిరిగి చూడక్కర్లేదు, చప్పుడును బట్టే చెప్పేయొచ్చు. యమహా ఆర్‌ఎక్స్ 100!

1985లో వచ్చి 1996లో ఆగిపోయిన బండి ఇది. 98 సీసీ, 11 హార్స్‌పవర్. నేను పుట్టేసరికే తయారీ బంద్. అయినా దానిమీద మోజు మాత్రం మా తరానికే ఎక్కువ. ఈ బండ్లని డ్రాగ్ రేసుకి తయారుచేసే కుర్రాళ్లు పర్చూరు వైపు ఉన్నారంటే ఓ ఆదివారం బయల్దేరాను.

గుంటూరు నుంచి పర్చూరు రోడ్డు పట్టుకుంటే రెండు పక్కలా నల్లరేగడి. ప్రత్తిపాడుకి పేరులోనే ప్రత్తి ఉంది. నేను వెళ్లింది మార్చిలో కాబట్టి పత్తి అయిపోయింది, మోళ్లు మిగిలాయి. కళ్లాల్లో మాత్రం ఎక్కడ చూసినా ఎర్రగా పరిచిన మిరపకాయలే. తర్వాత పెదనందిపాడు. 1921-22లో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో పన్నులు కట్టం పొమ్మని బ్రిటిష్ సర్కారుకి ఎదురు తిరిగిన ఫిర్కా ఇదే. రూలు పెడితే ‘ఎందుకు?’ అని అడగడం ఈ నేలకి కొత్తేం కాదు.

మెకానిక్ షెడ్డు అంటే రేకులు, ఒక వేపచెట్టు, అంతే. మెకానిక్‌కి అరవై దగ్గర ఉంటాయి. ఏం చేస్తారు బాబాయ్ రేసు బండికి అని అడిగితే మాటల్లో చెప్పకుండా ఒక ఇంజిన్ విప్పి చూపించాడు. టూస్ట్రోక్‌లో ఇంజిన్ ఆయిల్ పెట్రోలుతో కలిసి కాలిపోతుంది. పొగ బయటికి పోయే దారి తెరిచి ఉన్నప్పుడే కొత్త పెట్రోలు లోపలికి వస్తుంది కాబట్టి, అందులో కొంత కాలకుండానే సైలెన్సర్‌లోంచి జారిపోతుంది. రేసు కోసం ఆ దారులు అరగదీసి పెద్దవి చేస్తారు. కార్బొరేటర్‌కి పెద్ద జెట్ వేస్తారు. సైలెన్సర్ లోపల చప్పుడు తగ్గించే గొట్టం లాగేస్తారు. పికప్ అదిరిపోతుంది. పొగా, చప్పుడూ కూడా.

చుట్టూ చేరిన కుర్రాళ్లు మాత్రం ఉద్గారాల మాటెత్తగానే మండిపడ్డారు.

“అన్నా, వారానికి ఒకసారి, అదీ పావు మైలు తోలతాం. సీజన్‌లో యార్డుకి వచ్చే లారీల పొగ కంటే మాది ఎక్కువా?”

లెక్క చూస్తే అందులో నిజం ఉంది. ఇదే వాదన అమెరికాలోనూ నడిచింది. రోడ్డు కోసం తయారైన కారుని రేసు కారుగా మార్చినా దాని ఉద్గార పరికరాలు తీసేయకూడదని అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 2015లో ఒక ముసాయిదాలో రాసింది. హాబీ రేసర్లు గగ్గోలు పెట్టారు. 2016 ఏప్రిల్‌లో ఆ వాక్యాలు వెనక్కి తీసుకున్నారు. ‘రేసు కార్లకి ఈ చట్టం వర్తించదు’ అని తేల్చే ఆర్‌పీఎం యాక్ట్ బిల్లు కూడా ఆ ఏడాదే కాంగ్రెస్ ముందుకొచ్చింది.

కానీ అక్కడ చాలామంది రేసు కారుని ట్రైలర్ ఎక్కించి ట్రాక్‌కి తీసుకెళ్తారు. ఇక్కడ ట్రాక్ ఏది అని అడిగితే, కుర్రాళ్లు రోడ్డు వైపు చెయ్యి చూపించారు. రాత్రి పదకొండు దాటితే ఖాళీ అట.

ఖాళీయా? ఆ రోడ్డు పక్కనే కళ్లాలున్నాయి. మిరపకాయలకి కాపలాగా రైతులు రాత్రిళ్లు అక్కడే మంచాలేసుకుని పడుకుంటారు. పొద్దంతా ఘాటు పీల్చినవాళ్లకి రాత్రి కూడా ఈ పొగ, ఈ చప్పుడు! నాకూ టూస్ట్రోక్ అంటే పిచ్చే. కానీ ఈ ఒక్క చోట నేను కుర్రాళ్ల పక్షం కాదు. అమెరికావాళ్లు అడిగే మినహాయింపు ట్రాక్ ఉన్నవాళ్ల మాట. రోడ్డే ట్రాక్ అయినప్పుడు ఆ మాటకి అర్థం లేదు.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. పాత బండ్ల మీద చట్టం నిజానికి కాస్త మెత్తగానే ఉంది. 2000 మార్చి 31లోపు తయారైన టూవీలర్‌కి పొల్యూషన్ పరీక్షలో హైడ్రోకార్బన్ల పరిమితి 9,000 పీపీఎం. ఆ తర్వాత వచ్చిన ఫోర్‌స్ట్రోక్‌కి 4,500. అదీ బండి ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు చేసే పరీక్షే. మంచి కండిషన్‌లో ఉన్న ఆర్‌ఎక్స్‌ని ఇప్పటికీ పాస్ చేయించొచ్చని బాబాయ్ మాట. 2022 ఏప్రిల్‌లో ఆర్‌సీ రెన్యువల్ ఫీజుని 300 నుంచి 1,000 రూపాయలకి పెంచారు. నొప్పే గానీ, ప్రాణం పోయేంత కాదు. అసలు చిక్కు మార్పులతోనే. కంపెనీ ఇచ్చిన రూపం మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

పోరాడాలంటే ట్రాక్ కోసం పోరాడాలి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి రేస్ ట్రాక్ ఉంది. గుంటూరు నుంచి నాలుగు వందల కిలోమీటర్లు. మిర్చి మీద ఇంత డబ్బు తిరిగే జిల్లాల్లో పావు మైలు తిన్నటి తారు, రెండు పక్కలా కంచె, ఒక అంబులెన్సు అడగడం పెద్ద కోరికా? ‘సైలెన్సర్ ముట్టుకోవద్దు’ అని అరిచే గొంతుల్లో సగం దీనికి వాడినా కలెక్టర్ ఆఫీసు దాకా వినిపిస్తుంది.

కుర్రాళ్లు దీనికి అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఒకడు మాత్రం, “చెన్నై దాకా ట్రాలీ ఆటోలో వేసుకెళ్లాలంటే ఎంతవుద్ది అన్నా?” అని లెక్కలు మొదలుపెట్టాడు.

వింటేజ్ రూలు గురించి చెప్పినప్పుడు మాత్రం అందరూ చెవులు రిక్కించారు. 2021 జులై నోటిఫికేషన్ ప్రకారం 50 ఏళ్లు దాటిన సొంత బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించొచ్చు. రోజూ తిరగడానికి కాదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ. షరతు ఏంటంటే, ఇంజిన్, చాసిస్ అసలు రూపంలోనే ఉండాలి. అంటే మొదటి ఆర్‌ఎక్స్ 100లకి 2035లో ఆ వయసొస్తుంది. అప్పటికి దారులు అరగదీయని ఇంజిన్లు ఎన్ని మిగులుతాయో!

బాబాయ్ అదంతా విని ఏమీ అనలేదు. లేచి వెళ్లి, షెడ్డు మూల గోనెసంచిలో చుట్టిపెట్టిన ఒక కంపెనీ సైలెన్సర్ తీసి చూపించాడు. లోపలి గొట్టం అలాగే ఉంది. అమ్ముతారా అని ఒక కుర్రాడు అడిగితే, అమ్మనన్నాడు.