వేలిముద్ర అమ్మ దగ్గర, ఓటీపీ కొడుకు దగ్గర

హౌరా - చెన్నై లైన్లో పలాస దాటి శ్రీకాకుళం వైపు వస్తుంటే ఒకచోట కిటికీలోంచి తెల్లగా ఉప్పు కుప్పలు కనిపిస్తాయి. అదే నౌపడ. మా ఊరి గురించి బయటివాళ్ళకి తెలిసింది దాదాపు అంతే. రైళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళైతే "ఓ, పర్లాకిమిడి చిన్న రైలు మొదలయ్యేది అక్కడేగా" అంటారు. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను అది, ఇప్పుడు బ్రాడ్ గేజ్ అయిపోయి గుణుపూర్ దాకా పోతోంది. ఊరి పరిచయం ఇక్కడితో ఆపేస్తాను. నేను రాయాలనుకున్నది ఉప్పు గురించీ కాదు, రైలు గురించీ కాదు. మనమందరం హైదరాబాదు, బెంగుళూరు, డల్లాస్ అంటూ వచ్చేశాక ఆ ఊళ్ళలో మిగిలిన పెద్దవాళ్ళకి ఏదైనా అవసరం వస్తే ఎవరు దిక్కు అన్నదాని గురించి.

అమెరికాలో ఉన్న ఒక మిత్రుడు ఆ మధ్య ఫోన్లో అన్నాడు. "మా దగ్గర 211 అని ఒక నంబరు ఉంది. ముసలివాళ్ళకి భోజనం కావాలన్నా, అద్దె కట్టలేకపోయినా, ఎవరిని అడగాలో వాళ్ళే చెప్తారు. మీ ఊళ్ళో ఏముంది?" అని. ఆ "ఏముంది"లో కాస్త వెటకారం ఉందనిపించింది నాకు. నిజానికి చాలానే ఉన్నాయి. గర్భిణికీ పసిపిల్లకీ అంగన్‌వాడీ, కడుపులో బిడ్డ పడ్డప్పటి నించి వెంటపడే ఆశా వర్కరు, రేషను డిపో, డ్వాక్రా సంఘం, పింఛను, ఆరోగ్యశ్రీ, 108, పిల్లల కోసం 1098, ఆడవాళ్ళకి 181, పెద్దవాళ్ళ కోసం 2021లో వచ్చిన 14567. కాగితం మీద చూస్తే మన దగ్గర లేనిదంటూ లేదు. వీటిలో ఏది ఎవరికి వర్తిస్తుందో, ఏ కాగితంతో ఏ గుమ్మం దగ్గర నిలబడాలో చెప్పే మనిషి ఉన్నాడా లేడా, అక్కడుంది తిరకాసు అంతా.

అసలు మా జిల్లాకి ఈ విషయంలో ఒక ప్రత్యేకత ఉంది. 2000లో ప్రపంచ బ్యాంకు డబ్బుతో "వెలుగు" మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైంది మూడు జిల్లాల్లో - మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. అంటే మన భాషలో చెప్పాలంటే ఏ కొత్త రిలీజ్ అయినా ముందు మా మీదే టెస్టింగ్ అన్నమాట :-) వెనకబడిన జిల్లా కాబట్టి. నాకైతే ఇందులో చిన్నతనం ఏమీ అనిపించదు. ఆరోగ్యశ్రీ రాకముందు గుండె ఆపరేషన్ అంటే మా వైపు కుటుంబాలకి రెండే దారులు. పొలం అమ్మడం, లేదా విశాఖపట్నం కేజీహెచ్‌లో చేర్చి దేవుడి మీద భారం వెయ్యడం. ఆ తర్వాత కూడా కష్టాలు పోలేదు కానీ, "కార్డు ఉందా?" అన్న ప్రశ్న పుట్టింది. పొలం ఉందా అని అడగడం కన్నా అది నయం కదా.

108 గురించి మన ఐటీ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 2005 ఆగస్టు 15న మొదలుపెట్టింది సత్యం రామలింగరాజు. 2009 జనవరిలో సత్యం కథ బయటపడ్డాక కూడా ఆ అంబులెన్సులు తిరుగుతూనే ఉన్నాయి. కంపెనీ పేరు చెప్తే ఇప్పటికీ మొహం చిట్లించేవాళ్ళు కూడా ఊళ్ళో అమ్మకి ఒంట్లో బాగోకపోతే ముందు చెప్పేది ఆ నంబరే.

సరే, పింఛను సంగతికొస్తాను. నెలకి 75 రూపాయలున్నది 2006లో 200 అయింది, 2014 అక్టోబరులో వెయ్యి, 2019 జనవరిలో రెండు వేలు, ఆ తర్వాత మెట్లు మెట్లుగా మూడు వేలు, 2024 జూలై నించి నాలుగు వేలు. ఒక్కో అంకె వెనకా ఒక్కో ఎన్నిక కనిపిస్తుంది, దాచేదేముంది. నాకు అంకెల కన్నా అది ఎవరి చేతి మీదుగా వస్తోందన్నది ముఖ్యం అనిపిస్తుంది. 2014 తర్వాత జన్మభూమి కమిటీ. కమిటీలో ఉన్నవాళ్ళతో పడకపోతే పేరు జాబితాలోకి ఎక్కదు అని జనం గొణిగేవారు. 2019 ఆగస్టు 15 నించి వాలంటీర్లు, యాభై ఇళ్ళకి ఒకరు, నెలకి ఐదు వేలు. వాళ్ళూ ఒక పార్టీ మనుషులే అన్న విమర్శ ఉంది, అందులో నిజమూ ఉంది. కానీ యాభై ఇళ్ళ గుంటడు ఏ ఇంట్లో ఎవరు మంచాన పడ్డారో తెలిసినవాడు. 2024 మార్చి ఆఖర్లో ఎన్నికల సంఘం వాళ్ళని ఆపమంది. ఏప్రిల్లో పింఛను కోసం ముసలివాళ్ళు ఎండలో సచివాలయాల దగ్గర నిలబడ్డారు. మంచాల మీద మోసుకొచ్చిన దృశ్యాలు టీవీల్లో అందరం చూశాం. తప్పు మీదంటే మీదని రెండు పార్టీలూ కొట్టుకున్నాయి. మే నెలలో బ్యాంకుల్లో వేస్తే, బ్యాంకుకి వెళ్ళడం అంతకన్నా కష్టమైంది. జూలై నించి సచివాలయం ఉద్యోగులే ఇంటికొచ్చి ఇస్తున్నారు. ఒకటో తారీఖు పొద్దున్నే వచ్చేస్తారు. సెలవైతే ముందురోజే. ఇది బాగుంది. మిగతా ఇరవై తొమ్మిది రోజుల్లో మాత్రం ఏదైనా కాగితం కావాలంటే మనమే వాళ్ళ దగ్గరకెళ్ళాలి.

ఇక అసలు కథ. మా బంధువుల్లో ఒక పెద్దావిడ ఉంది, నాకు పిన్ని వరస. నౌపడ కాదు, జిల్లాలోనే ఇంకో ఊరు. చిన్నాన్న పోయి చాలా ఏళ్ళయింది. వితంతు పింఛను వచ్చేది. కొడుకు మన జాతే, హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. 2012 నించి అక్కడే ఉంటున్నాడు. 2019 నవంబరులో నవశకం అని ఇంటింటి సర్వే చేశారు గుర్తుందా? పల్లెటూర్లో ఇంటి ఆదాయం నెలకి పదివేలు దాటకూడదు, మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు దాటకూడదు, కరెంటు 300 యూనిట్లు దాటకూడదు, కారుండకూడదు, ఇంట్లో గవర్నమెంటు ఉద్యోగి ఉండకూడదు, ఇన్‌కం ట్యాక్స్ కట్టేవాడు ఉండకూడదు. పిన్నికి ఉన్నవి అరెకరం భూమి, రెండు బల్బులు, ఒక ఫ్యాను. కానీ "ఇంట్లో" ట్యాక్స్ కట్టేవాడున్నాడు. రేషను కార్డులో కొడుకు పేరుంది కాబట్టి. ఆధార్ అడ్రసు ఇంకా ఊరిదే, ఓటు కోసం. 2020 ఫిబ్రవరిలో పింఛను ఆగిపోయింది.

ఇంకో తమాషా చూడండి. మావాడి భార్య పేరు వాళ్ళ నాన్నగారి కార్డులో ఉంది. ఆ అమ్మాయిది కూడా ఉద్యోగమే, ట్యాక్స్ కట్టేదే. డేటాబేస్ ప్రకారం ఆ మొగుడూ పెళ్ళాలిద్దరూ అసలు ఒక కుటుంబమే కాదు. వాడు వాళ్ళమ్మతో ఉన్నాడు, ఆవిడ వాళ్ళ నాన్నతో ఉంది. ఒకే టేబుల్ దగ్గర కూర్చుని అన్నం తినేవాళ్ళు రెండు ఫ్యామిలీలు, ఏడు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్ళు ఒక ఫ్యామిలీ. అక్కడా ఇక్కడా రెండిళ్ళలోనూ పెద్దవాళ్ళ పింఛన్లు పోయాయి. ఆ టేబుల్ డిజైన్ చేసిందెవరో గానీ ఉమ్మడి కుటుంబం ఇంకా బతికే ఉందనుకున్నట్టున్నాడు. ప్రైమరీ కీ రేషను కార్డు, మనుషులు దానికి తగిలించిన వరుసలు.

మావాడు "పోనీలే అమ్మా, ఆ 2,250 నేనే పంపిస్తా కదా, ఐదువేలు పంపిస్తా" అన్నాడు. మంచివాడే, పంపించాడు కూడా. పిన్ని నాతో ఏమందంటే - "ఆడు పంపితే ఆడి డబ్బులు బాబూ. ఏటి కొన్నానో ఆడికి చెప్పాల. పింఛను నా డబ్బులు. నా మనవరాలికి గాజులు కొన్నా ఎవుడూ అడగడు." కొడుకు లెక్కలడిగే రకం కాదు. అయినా ఆవిడకి చెప్పాలనిపిస్తుంది, అది ఆవిడ తప్పూ కాదు, వాడి తప్పూ కాదు.

ఇక్కడ మనవాళ్ళు కొందరు ఊరుకోరని నాకు తెలుసు. "లక్షలు సంపాదించే కొడుకున్నావిడకి మన ట్యాక్సు డబ్బుతో పింఛనేంటి? ఉచితాలు దేశాన్ని ముంచుతున్నాయి" అంటారు. లంచ్ టేబుల్ దగ్గర ఈ వాదన నేను వందసార్లు విన్నాను. దాన్ని తేలిగ్గా తీసెయ్యను, డబ్బు పరిమితం, ఎక్కడో గీత గియ్యాలి. ఏ కొడుకూ లేని ఆవిడ పేరు జాబితాలో లేకుండా పిన్ని పేరు ఉంటే నాకూ నచ్చదు. కానీ గీత ఎవరి చుట్టూ గీస్తున్నామో చూడాలి కదా. కొడుకు జీతం తల్లి ఆదాయం అవ్వాలంటే కొడుకు ఇవ్వాలి. ఇవ్వని కొడుకులున్నారు, మన ఆఫీసుల్లోనే ఉన్నారు. వాళ్ళ తల్లులకి కంప్యూటరు "మీకు ఆదాయం ఉంది" అంటుంది. 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది. ఆర్డీవో దగ్గరికి వెళ్ళి మా అబ్బాయి నన్ను చూడట్లేదు అని అర్జీ పెట్టుకోవచ్చు, నెలకి పదివేల దాకా ఇప్పించొచ్చు. మా వైపు ఏ తల్లి వెళ్తుందండీ ఆర్డీవో దగ్గరికి, కొడుకు మీద కంప్లయింటు పట్టుకుని? తిండి మానేస్తుంది గానీ వెళ్ళదు.

మావాడు చివరికి ఆధార్ అడ్రసు మార్చుకున్నాడు, పెళ్ళి కాగితం చూపించి వాడి ఇల్లు విడిగా రాయించుకున్నాడు. తిరగ్గా తిరగ్గా 2022లో పిన్నికి మళ్ళీ పింఛను వచ్చింది. ఆ తిరుగుడంతా ఎవరు చేశారనుకున్నారు? మావాడు కాదు, వాడికి సెలవుల్లేవు. పిన్ని పక్కింటి ఆటో అతను. కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, ఆవిడని ఎక్కించుకుని నాలుగు సార్లు మండలానికి తీసుకెళ్ళాడు. డీజిల్ డబ్బులు తీసుకున్నాడు, బాడుగ తీసుకోలేదు. ఏ పథకం జాబితాలోనూ లేని సోషల్ సర్వీసు ఇది.

ఇక టెక్నాలజీ. ఉప్పు మళ్ళలో పనిచేసినవాళ్ళ చేతులు ఎప్పుడైనా చూశారా? పలుగూ పారా పట్టిన చేతుల మీద గీతలు అరిగిపోతాయి, వేలిముద్ర మిషను గుర్తుపట్టదు. ఒకటికి నాలుగు సార్లు తుడిచి పెట్టిస్తారు. ఇప్పుడు మొహం చూసే యాప్ కూడా వచ్చింది కాబట్టి కొంత నయం. 2025 జనవరి 30న వాట్సాప్‌లోనే సర్టిఫికెట్లిచ్చే "మన మిత్ర" మొదలైంది, 161 సేవలతో. నేను వాడి చూశాను, పనిచేస్తుంది, మెచ్చుకోవాల్సిందే. అయితే అది పనిచేసేది నాకు. పిన్ని ఫోను నొక్కుడు బటన్లది. ఆవిడ ఆధార్‌కి లింకైన నంబరు కొడుకుది. అక్కడ ఊళ్ళో ఆవిడ మిషను ముందు కూర్చుంటే ఓటీపీ గచ్చిబౌలిలో స్టాండప్ మీటింగులో మోగుతుంది. మావాడు మ్యూట్‌లో పెట్టి "అమ్మా, నాలుగు, ఏడు..." అని చెప్పేలోపు టైమ్ అయిపోతుంది. మళ్ళీ పంపమంటే వెనక క్యూలో ఉన్నవాళ్ళు సణుగుతారు.

మనిషి లేకపోతే సేవ లేదనడానికి ఇంకో ఉదాహరణ మా పైనున్న ఉద్దానం. కిడ్నీ జబ్బుల సంగతి అందరికీ తెలిసిందే. ఒకప్పుడు డయాలసిస్ అంటే విశాఖ వెళ్ళాల్సిందే, తర్వాత దగ్గర్లోనే కేంద్రాలొచ్చాయి, 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి మొదలైంది. డయాలసిస్ రోగికి పదివేలు పింఛను కూడా ఉంది. ఇవన్నీ పెద్ద మార్పులే. కానీ వారానికి రెండుసార్లో మూడుసార్లో, ఒక్కోసారి నాలుగు గంటలు మిషను మీద పడుకున్న మనిషి పక్కన ఒకరు కూర్చోవాలి. ఆ ఒకరు సాధారణంగా పెళ్ళామే, జీడి బద్దలు కొట్టే పని మానుకుని వస్తుంది. పదివేల్లో ఆవిడ పోయిన కూలి, ఆటో, దారిలో తిండి లెక్కవేస్తే మందులకి ఎంత మిగులుతుందో మీరే చెప్పండి.

ఈ పనులు చేసే మనుషులకి మనం ఇచ్చేదేమిటో కూడా చూడాలి. అంగన్‌వాడీ వర్కర్లు 2023 డిసెంబరు 12 నించి 42 రోజులు సమ్మె చేశారు. అప్పటికి వాళ్ళ జీతం 11,500. ఎస్మా పెట్టారు. ఊళ్ళో ఏ పిల్ల బరువు తగ్గిందో, ఏ కోడలు రక్తం తక్కువై నీరసపడుతోందో తెలిసిన మనిషికి, మనలో చాలామంది టీమ్ లంచ్ బిల్లంత. ఆ మనిషికే రోజుకి నాలుగు యాప్‌లిచ్చి ఫోటోలు ఎక్కించమంటారు. సిగ్నల్ లేకపోతే మెట్ట ఎక్కి ఎక్కించాలి.

సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళకి ఒక మాట. అమ్మ ఆధార్‌కి ఏ నంబరు లింకైందో చూడండి, ఆవిడ ఫోను నంబరే పెట్టించండి. రేషను కార్డులో మీ పేరు ఇంకా ఉందేమో చూడండి, పెళ్ళయి వేరే ఉంటుంటే మీ ఇల్లు విడగొట్టుకోండి. ఇంట్లో ఎవరికైనా కాలో చెయ్యో సరిగా లేకపోతే సదరం సర్టిఫికెట్ కోసం ముందే స్లాటు తీసుకోండి, అది సెలవుల్లో ఒక్కరోజులో అయ్యే పని కాదు. పక్కింటి ఆటో అతని నంబరు మీ ఫోన్లో ఉందో లేదో చూసుకోండి, పండక్కి వాళ్ళ పిల్లలకేమైనా పట్టుకెళ్ళండి.

పిన్ని ఇప్పుడు నాలుగు వేలూ ఏం చేస్తోందో కొడుక్కి చెప్పదు. నాకు మాత్రం చెప్పింది. వెయ్యి చీటీ కడుతోందట. ఆ చీటీ ఎత్తాక దేనికో అడిగితే "నీకేటికి?" అంది.