ఒక్క చుక్క... అంతా నీలం!

కెమిస్ట్రీ ల్యాబ్‌లో నేను నోరెళ్లబెట్టే రోజొకటి వస్తుందని ఎవరైనా అంటే నవ్వేసేవాణ్ణి. మొన్న వచ్చేసింది! బీటెక్ ఫస్టియర్, నీటి కాఠిన్యం ప్రయోగం. మా హాస్టల్ బోరు నీళ్లే సీసాలో పట్టుకెళ్లాను.

పిపెట్‌తో 20 మిల్లీలీటర్లు ఫ్లాస్కులో పోశాను. పీహెచ్‌ను 10 దగ్గర నిలబెట్టే అమ్మోనియా బఫర్ మూత తీయగానే ముక్కు అదిరింది. పైన చిటికెడు ఎరియోక్రోమ్ బ్లాక్-టి. పేరుకే బ్లాక్! నీళ్లు దానిమ్మ రసంలా ఎర్రబడ్డాయి.

బ్యూరెట్‌లోంచి 0.01 మోలార్ ఈడీటీఏ వదిలాను. అయిదు... ఎనిమిది... ఊహూఁ, అదే ఎరుపు. తొమ్మిదికి రాగానే ఊదా జీర. "ఇక చుక్క చుక్కే వదులు నాన్నా" అన్నారు మేడమ్. చుక్క, కుదుపు. చుక్క, కుదుపు. 9.2 దగ్గర... అబ్బబ్బ! ఫ్లాస్కంతా శంఖుపూల నీలం!

అసలు మజా మేడమ్ చెప్పాక తెలిసింది. ఆ నీలం కొత్తగా పుట్టింది కాదు, ఆ పీహెచ్ దగ్గర రంగు పొడి సొంత రంగే అది! నీళ్లలోని మెగ్నీషియాన్ని పట్టుకోబట్టి ఎర్రబడింది. ఈడీటీఏది ఆరు చోట్ల బిగించే ఉడుంపట్టు. ముందు కాల్షియాన్ని, తర్వాత విడిగా తిరిగే మెగ్నీషియాన్ని పట్టేసి, చివరికి రంగు చేతిలో ఉన్నదాన్నీ లాగేసుకుంటుంది. చెయ్యి ఖాళీ అవగానే రంగు తన నీలానికి తాను వచ్చేస్తుంది. నమ్మకం కుదరక డిస్టిల్డ్ వాటర్‌లో బఫర్, చిటికెడు పొడి వేసి చూశాను. ఈడీటీఏ చుక్క పడకుండానే నీలం!

1940లలో జూరిచ్‌లో ఈ పద్ధతికి బాట వేసిన గెరోల్డ్ ష్వార్జెన్‌బాఖ్‌కి ఓ దండం పెట్టాలనిపించింది.

లెక్క కడితే లీటరుకు 460 మిల్లీగ్రాముల కాఠిన్యం. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ఆమోదించే హద్దు 200, వేరే నీళ్లు దొరకనప్పుడు 600. మా బకెట్లకు తెల్ల పొర ఎందుకు కడుతోందో, సబ్బు ఎంత రుద్దినా నురగ ఎందుకు రాదో ఇప్పుడర్థమైంది.

రెండోసారీ 9.2, మూడోసారీ 9.2. రికార్డుకి అంతే చాలు. నాలుగోసారి మాత్రం ఆ నీలం కోసమే చేశాను.