బుర్హాన్‌పూర్‌లో నేల కింది నీళ్ళు

నాందేడ్, అకోలా దాటేదాకా రాయడానికి పెద్దగా ఏమీ లేదు. పత్తి చేలు, లారీల వెనక దుమ్ము, ఒకచోట మాత్రం మంచి ఝుణకా భాకరీ. హైదరాబాద్ నుంచి కాశ్మీరు దాకా బండి మీద ఒక్కడినే పోదామని బయల్దేరినప్పుడు బుర్హాన్‌పూర్‌లో రాత్రికి పడుకుని తెల్లారి ఇండోర్ దారి పట్టాలనుకున్నాను. తెల్లారింది, నేను కదల్లేదు.

తపతి ఒడ్డున పాత కోట ఊరు. సందుల్లోకి దూరితే ప్రతి రెండో ఇంట్లోంచీ పవర్‌లూమ్ చప్పుడు. నేను దిగిన లాడ్జి గోడకు ఆనుకునే ఒక మగ్గాల షెడ్డు ఉంది. ఆ గదిలో నిద్ర గురించీ, దుప్పటి గురించీ మాట్లాడకపోవడమే మర్యాద.

ఇక్కడ ఎవర్ని కదిపినా ముందు ముంతాజ్ మహల్ పేరే చెబుతారు. దక్కన్ దండయాత్రకని వచ్చిన షాజహాన్ వెంట ఆమె వచ్చింది. 1631 జూన్‌లో పద్నాలుగో బిడ్డను కని ఇక్కడే చనిపోయింది. నది అవతల జైనాబాద్ తోటలో పాతిపెట్టి, ఆర్నెల్లకు తవ్వి ఆగ్రాకు తీసుకెళ్ళారు. తాజ్‌మహల్ అసలు మా తపతి ఒడ్డునే లేవాల్సిందని ఊరివాళ్ళ వాదన. షాహీ కిలాలో ఆమె కోసం కట్టారంటున్న హమామ్ కప్పు మీద రంగుల పూలు ఇంకా మిగిలి ఉన్నాయి. అవి చూసి తీరాల్సినవే. తోటలో మాత్రం పాడుబడిన మంటపాలు తప్ప ఏమీ లేవు, అరగంట చాలు.

నన్ను ఆపేసింది కుండీ భండారా.

ఊరి బయట బీడు భూమిలో, కొంచెం కొంచెం దూరాన వరసగా గుండ్రటి గచ్చు దిమ్మెలు కనిపిస్తాయి. ఇవే కుండీలు. పైనుంచి చూస్తే పూడిపోయిన బావుల్లా ఉంటాయి. వాటిలో ఒకదాని మీద లిఫ్టు పెట్టారు. లిఫ్టంటే ఇనప బోను. కాపలా పెద్దాయన నన్ను ఎక్కించుకుని మీట నొక్కాడు. దాదాపు 80 అడుగులు దిగాలి. పైన మే నెల ఎండ మాడ్చేస్తుంటే, సగం దిగేసరికి చెమట ఆరిపోయింది.

కింద మనిషి నిలబడి నడవగలిగేంత సొరంగం. మోకాళ్ళ దాకా నీళ్ళు, కాలి గోళ్ళు కూడా కనిపించేంత తేటగా. గోడల మీద సున్నం పేరుకుని తెల్లగా, మడతలు మడతలుగా గడ్డకట్టింది. వేలితో తడిమితే గరుకు. ఆ మడతల సందుల్లోంచి నీరు ఊరుతూ, బొట్లు బొట్లుగా జారుతూనే ఉంది. ముందుకు నడిస్తే కాసేపు చీకటి, తర్వాతి కుండీ కింద పైనుంచి పడే గుండ్రటి వెలుతురు, మళ్ళీ చీకటి. దోసిలి పట్టి తాగాను. సీసా నీళ్ళు కొనడం అలవాటైన నోటికి ఆ రుచి కొత్తగా ఉంది.

1615లో, జహంగీరు కాలంలో, ఇక్కడి సుబేదారు అబ్దుర్ రహీం ఖాన్ ఖానా దీన్ని కట్టించాడు. హిందీ వాచకంలో మనచేత దోహాలు వల్లెవేయించిన రహీమ్ ఈయనే! పథకం గీసింది తబ్‌కుతుల్ అర్జ్ అనే పారశీక నిపుణుడు. సాత్పురా కొండల్లో కురిసిన వాన నేలలోకి ఇంకి, తపతి వైపు లోలోపలే పారుతుంటుంది. ఆ ఊటకు అడ్డంగా సొరంగం తవ్వి, సన్నని వాలుతో ఊరి దాకా నడిపించారు. మోటారు లేదు, ఏతం లేదు. గాలీ వెలుతురూ అందడానికీ, మట్టి తోడడానికీ మధ్యమధ్యన వందకు పైగా కుండీలు. శత్రువులు నదిలో విషం కలిపినా సైన్యానికి నీళ్ళు ఆగకూడదనే ఇంత చేశారని ఇక్కడ చెబుతారు. నాలుగు వందల ఏళ్ళు దాటినా నీరు పారుతూనే ఉంది. తాజ్‌మహల్ కంటే దీన్ని కట్టడమే కష్టమైన పని అని నాకనిపించింది. ఎవరైనా నాతో పోట్లాడొచ్చు.

"ఎక్కడి నుంచి బేటా?" అన్నాడు పెద్దాయన, పైకి వచ్చాక బీడీ వెలిగిస్తూ. హైదరాబాద్ అన్నాను.

"అట్లాగా! మీ మొదటి నిజాం సాబ్ కన్నుమూసింది మా ఊళ్ళోనే గదా!"

నిజమే. మొదటి అసఫ్ జా 1748లో బుర్హాన్‌పూర్‌లోనే పోయాడు. బుర్హానుద్దీన్ గరీబ్ అనే సూఫీ గురువు పేరు మీద వెలసిన ఊరిది. నిజాం సమాధి ఖుల్దాబాద్‌లో ఆ గురువు దర్గాలోనే ఉంది. ఏళ్ళ తరబడి హైదరాబాద్‌లో ఉంటూ ఈ ముక్క మధ్యప్రదేశ్‌లో, కుండీ కాపలాదారు నోట వినాల్సి వచ్చింది.

సాయంత్రం జామా మసీదు చూశాను. ఫారూకీ సుల్తాను కట్టించిన ఈ మసీదులో అరబ్బీ శాసనంతో పాటు సంస్కృత శాసనం కూడా ఉంది. వివరం అడుగుదామంటే నమాజు వేళయింది. బయటికొచ్చి జిలేబీ బండి దగ్గర నిలబడ్డాను. ఇక్కడి జిలేబీ మావాతో, అంటే కోవాతో చేస్తారు. వేలెడు లావు చుట్టలు నేతిలో నల్లబడేదాకా వేగి, పాకంలో మునిగి, బరువెక్కి బయటికొస్తాయి. కొరికితే కరకర లేదు. మన జిలేబీ అలవాటున్నవాళ్ళకు అది లోటే. నాకు ఒకటి తినేసరికే రాత్రి భోజనం అక్కర్లేకపోయింది. మర్నాడు అసీర్‌గఢ్ కోట, ఖాండ్వా, ఇండోర్ గబగబా దాటేశాను.

కుండీ భండారా లాంటి పారశీక సొరంగ కాలువే మన పక్కన బీదర్‌లో, నౌబాద్ దగ్గర ఉంది, బహమనీల నాటిది. హైదరాబాద్ నుంచి 140 కిలోమీటర్లు. బుర్హాన్‌పూర్ దాకా పోలేనివాళ్ళు ఒక ఆదివారం అక్కడికైనా వెళ్ళి రండి. వెళ్ళినప్పుడు ప్లాస్టిక్ సీసాలు మాత్రం ఆ సొరంగం బావుల నోళ్ళలో పడేయకండి.