పడుకుని ఆడే ఆట

రాష్ట్రస్థాయి షూటింగ్ పోటీలంటే జనం, ఈలలు, మైకులు ఉంటాయనుకుని వెళ్లేవాళ్లకి నిరాశే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో, గచ్చిబౌలి అద్దాల మేడలకి కూతవేటు దూరంలో, ఇంకా బండరాళ్లూ తుప్పలూ మిగిలిన వైపు ఉంది స్పోర్ట్స్ అథారిటీ వారి షూటింగ్ రేంజ్. పొద్దున్నే కార్ల డిక్కీల్లోంచి పొడవాటి పెట్టెలు దింపుతున్నారు. రిజిస్టరులో సంతకాలు, లైసెన్స్ కాపీలు, తుపాకీ మీది నంబరు సరిచూసుకోవడం. ఆట మొదలవడానికి ముందే సగం ఓపిక ఇక్కడే ఖర్చయిపోతుంది.

నేను బహ్రెయిన్ నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాను. తెలిసినవాళ్ల అబ్బాయి, డిగ్రీ చదువుతున్నాడు, యాభై మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే) పోటీలో దిగుతున్నాడంటే వాళ్లతో బయల్దేరాను. అన్నేళ్లు బహ్రెయిన్‌లో ఉండీ ఇలాంటి పోటీ ఒక్కటీ చూడలేదు. అలాగని గల్ఫ్ వాళ్లకి గురి లేదనుకోకండి. యూఏఈకి చెందిన అహ్మద్ అల్ మక్తూమ్ 2004 ఏథెన్స్‌లో డబుల్ ట్రాప్ స్వర్ణం కొట్టారు. కువైట్ షూటర్ ఫెహైద్ అల్ దీహానీకి మూడు ఒలింపిక్ పతకాలున్నాయి. కానీ ఇవన్నీ షాట్‌గన్‌తో, గాల్లో ఎగిరే మట్టి పళ్లేలని కొట్టి తెచ్చుకున్నవి. కదలని గురిని కదలకుండా కొట్టే ఈ రైఫిల్ ఆట ఆ వైపు పెద్దగా పాకలేదు.

ఈ ఆటలో వాడే తూటాని మనవాళ్లు ‘పాయింట్ టూ టూ’ అంటారు. ఎన్‌సీసీ క్యాంపుకి వెళ్లొచ్చిన వాళ్లలో చాలామంది బోర్లా పడుకుని ఈ తూటా పేల్చినవాళ్లే. అబ్బాయి ఒక తూటా నా అరచేతిలో పెట్టాడు. అంగుళం పొడవు ఉంటుందేమో, అంతే. ముందు సీసపు ముక్క, బరువు రెండున్నర గ్రాముల పైచిలుకు. దాని మీద మైనం పూత ఉండటంతో వేలికి జిడ్డు తగిలింది. పెద్ద తూటాలకి అడుగున నట్టనడుమ పేలుడు మందు బిళ్ల ఉంటుంది. దీనికి ఆ బిళ్లే లేదు. అడుగున చుట్టూ ఉన్న పల్చని అంచు లోపలే మందు ఉంటుంది. తుపాకీ సూది ఆ అంచుని కొడితే పేలుతుంది. రిమ్‌ఫైర్ అనేది అందుకే. పేల్చిన ఖాళీ గొట్టం తిప్పి చూస్తే అంచు మీద ఒకేచోట చిన్న సొట్ట, గోటితో నొక్కినట్టు. 1887లో అమెరికాలో స్టీవెన్స్ కంపెనీ తెచ్చిన నమూనా ఇది. ఇప్పటికీ కొలతలు మారలేదు.

పోటీ మొదలయ్యే ముందు పావుగంట సన్నాహం. చాప పరిచి, బిగుతైన కాన్వాసు జాకెట్ తొడుక్కుని, ఎడమ చేతికి గ్లవ్, దండకి పటకా. ఆ పటకా రైఫిల్‌ని చేతికి కట్టిపడేస్తుంది. ఎక్కడ పడితే అక్కడ బిగిస్తే నాడి కొట్టుకోవడం కూడా రైఫిల్‌కి తెలిసిపోతుందట. దుర్భిణి బిగించుకోవడానికి వీల్లేదు. వెనక సన్నని రంధ్రం, ముందు ఒక వలయం, ఆ వలయం మధ్యలో టార్గెట్ నల్లచుక్క. ఆ నలుపు దాదాపు పదకొండు సెంటీమీటర్ల వెడల్పు. అందులో పది పాయింట్ల వలయం 10.4 మిల్లీమీటర్లు. చొక్కా గుండీ అంత. ఎలక్ట్రానిక్ టార్గెట్లయితే యాభై నిమిషాల్లో అరవై తూటాలు పేల్చాలి. దశాంశాలతో లెక్క కాబట్టి ఒక్కో తూటాకి గరిష్ఠం 10.9, మొత్తం 654. పెద్ద పోటీల్లో పేరు వినపడాలంటే 620 దాటాలి.

‘స్టార్ట్’ అన్నారు. పెద్ద మోత ఏమీ లేదు. ఈ మ్యాచ్ తూటా ధ్వని వేగానికి కాస్త తక్కువలోనే పోతుంది, అందుకని పొడిగా ‘ఠప్’ అంటుంది, అంతే. ఒకరి తరవాత ఒకరు, లయ లేకుండా. అబ్బాయి గబగబా కొన్ని పేల్చి ఆగిపోయాడు. రైఫిల్ భుజాన్నే ఉంది, చెంప ఆనించే ఉంది, కాల్చడు. నాకు కంగారు. పక్కన కూర్చున్న వాళ్ల నాన్న మెల్లిగా అన్నాడు: “జెండాలు చూడన్నా.” రేంజ్ మధ్యలో కట్టిన చిన్న గుడ్డముక్కలు అప్పటిదాకా కుడికి వాలి ఉన్నవి, ఇప్పుడు ఎడమకి లేస్తున్నాయి. తూటా యాభై మీటర్లు దాటడానికి సెకనులో ఆరో వంతు కూడా పట్టదు. ఆ లోపే పిల్లగాలి దాన్ని పది వలయం దాటించేస్తుంది. గాలి పాత దిక్కుకి తిరిగేదాకా అబ్బాయి ఆగాడు. చూడ్డానికి ఏమీ జరగనట్టే ఉన్న ఆ రెండు నిమిషాలే ఈ ఆటలో నాకు బాగా నచ్చినవి.

మధ్యాహ్నం టీ దగ్గర అసలు బాధ బయటపడింది. “ఎయిర్ రైఫిల్ అయితే లైసెన్స్ గోల లేదు, పెల్లెట్ల డబ్బాకి పెద్ద ఖర్చు లేదు. ఇది అట్ల కాదన్నా. తూటా బయటికెల్లి రావాలె. వచ్చినా మన తుపాకీకి పడాలె కదా” అన్నాడు అబ్బాయి వాళ్ల నాన్న. నిజమే. తూటాల కంపెనీల్లో ఎలే ఇంగ్లండ్‌ది, ఆర్‌డబ్ల్యూఎస్ జర్మనీది. ఒకే కంపెనీ తూటాల్లో కూడా ఒక లాటు ఒక రైఫిల్‌కి కుదురుతుంది, పక్కదానికి కుదరదు. రైఫిల్‌ని కదలకుండా బిగించి, లాటు లాటు పేల్చి, ఏ లాటు తూటాలు దగ్గరదగ్గరగా పడ్డాయో చూసి ఆ లాటే కొనుక్కుంటారు, స్తోమత ఉన్నవాళ్లు. లేనివాళ్లు దొరికినదాంతో సరిపెట్టుకుంటారు. ఇద్దరి స్కోర్లూ మాత్రం ఒకే కాగితం మీద పడతాయి. నాకిది సబబుగా తోచలేదు.

హైదరాబాద్‌కి ఈ ఆట కొత్తేమీ కాదు. ఇక్కడి షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచింది ఎయిర్ రైఫిల్‌తోనే అయినా, అదే ఒలింపిక్స్‌లో ఈ ప్రోన్ పోటీలోనూ దిగాడు. బెంగాల్ షూటర్ జయ్‌దీప్ కర్మాకర్ అందులో నాలుగో స్థానంలో ఆగాడు. ఇక్కడి అమ్మాయి ఇషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రజతం తెచ్చిన 25 మీటర్ల పిస్టల్‌లో వాడేదీ ఈ తూటానే. ప్రోన్‌ని 2016 రియో తరవాత ఒలింపిక్స్ నుంచి తీసేశారు. మోకాళ్ల మీద, పడుకుని, నిలబడి కాల్చే త్రీ పొజిషన్ మిగిలింది. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుశాలె కాంస్యం అందులోనే.

అందుకే క్రీడాశాఖ వారికి ఒక మాట. రేంజ్ ఉంది, పిల్లలున్నారు, నేర్పేవాళ్లూ ఉన్నారు. ఎన్‌సీసీలో మంచి గురి చూపించిన పిల్లల్ని ఏటా కొందరిని ఎంచి, వాళ్ల సాధనకి సరిపడా తూటాలు సర్కారే ఇప్పించాలి. ఇక పాఠకులకి: ఈ పోటీలు ఏటా జరుగుతాయి. నేను వెళ్లిన రోజు చూసేవాళ్లకి టికెట్ లేదు, కుర్చీలు మాత్రం సగం ఖాళీ. వీలైతే వెళ్లండి, చెవుల్లో పెట్టుకోవడానికి ఇయర్‌ప్లగ్‌లు తీసుకెళ్లండి.