బ్యాటరీ తప్పు కాదు

కాగితాలు చూడటం మా వృత్తి. అందుచేత 2023లో పాత వ్యాను కొన్నప్పుడు కాగితాలు మాత్రం పొల్లుపోకుండా చూచుకొన్నాము. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు సరిపోయినవి. సీట్లు తీసి మంచము, అలమర, చిన్న నీళ్లతొట్టి అమర్చిన మార్పు ఆర్.సి.లో ఎక్కియున్నది. ఇన్సూరెన్సుకు గడువున్నది. ఇన్ని చూచిన మేము ఆ చెక్కల వెనుక కరెంటు తీగలు ఎట్లా పోయినవో మాత్రం చూడలేదు. చూచినా మాకు తెలిసేది కాదనుకోండి.

ఈ వయసులో మాకీ వ్యాను సరదా ఏమిటని కొందరు మిత్రులడిగారు. సరదా కాదు. మా అమ్మ జారిపడి నడుముకు దెబ్బ తగిలించుకొన్న నాటినుండి అరగంటకు మించి కూర్చోలేదు. కదిరి నరసింహస్వామి మా ఇలవేలుపు. హోసూరునుండి కదిరికి దాదాపు 200 కిలోమీటర్లు. బస్సులో కూర్చోలేదు, కారులో పడుకోలేదు. "ఇంక స్వామిని పటములోనే చూస్తానులేరా" అని ఒకనాడు అన్నది. ఆ మాటమీద మేమూ, మా తమ్ముడూ కలిసి అప్పుచేసి ఈ బండి కొన్నాము.

బండి వచ్చిన నాలుగో రోజున, ప్రయాణానికి ముందు ఒక రాత్రి అందులో పడుకొని చూస్తానన్నది అమ్మ. వాకిట్లోనే నిలిపి పక్క వేశాము. నడుముకు కాపడము పెట్టుకోవాలంటే లోపలనే కెటిల్‌లో నీళ్లు కాచి ఇచ్చాము. బండిలో బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టరు ఉన్నదని అమ్మినవారు గొప్పగా చెప్పియుండిరి. దాని పనితనము చూచి మురిసిపోయాము కూడా. కొంతసేపటికి అమ్మ పిలిచి, "ఏదో మాడిన వాసన వస్తా ఉండాదిరా" అన్నది. మేము లోపల తల పెట్టి చూచి, కొత్తగా వేయించిన రెక్సిన్ వాసనలే అని చెప్పి, వచ్చి పడుకొన్నాము.

తెల్లవారి తాళము తిప్పితే సెల్ఫ్ "టక్" అన్నది, అంతే. వీధి చివరి మెకానిక్ వచ్చి, బ్యాటరీ పోయినదన్నాడు. పాతదే కాబట్టి నమ్మి, 80 ఆంపియరు-గంటల కొత్తది వేయించాము. బండి కదలకుండా నిలిచియుండగా నాలుగో రోజున మళ్లీ "టక్". ఈసారి మెకానిక్ ఆల్టర్నేటరన్నాడు. మా తమ్ముడు బ్యాటరీ అమ్మిన అంగడివాడితో పోట్లాటకు బయలుదేరాడు. అంగడివాడు కోపపడకుండా బ్యాటరీని రాత్రంతా చార్జి చేసి, మరునాడు లోడు పెట్టి చూపించాడు. బ్యాటరీ నిక్షేపముగా ఉన్నది. అతడే పాతపేటలో ఉన్న ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరకు పొమ్మన్నాడు.

ఆయనకు అరవై ఏళ్లుంటవి. ఇంటిమాట తమిళము. మేము తమిళములో మొదలుపెట్టితే ఆయన మన హోసూరు తెలుగులో జవాబిచ్చాడు. మా కథ అంతా విని, "బ్యాటరీ మీద తప్పు లేదు సారూ. కరెంటును ఎవరో తింటా ఉండారు. ఎవరని చూస్తాము" అన్నాడు.

ఆయన చూచిన విధానము పాఠకులకు చెప్పదగినది. బండిలో స్విచ్చులన్నీ ఆపి, తలుపులు మూసి, బ్యాటరీ నెగటివ్ తీగను ఊడదీశాడు. ఊడదీసేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. పాజిటివ్ ముందు విప్పితే స్పానరు బండి రేకుకు తగిలి నిప్పులు రాలవచ్చును. చార్జి అయ్యే బ్యాటరీనుండి వచ్చే హైడ్రోజను ఆ నిప్పుకు అంటుకోవచ్చును. ఊడదీసిన తీగకూ బ్యాటరీకీ నడుమ ఒక బల్బు పెట్టాడు. లోపల పూర్తి షార్టు ఉంటే ఆ బల్బు భగ్గున వెలగవలె. వెలగలేదు. అప్పుడు బల్బు తీసి మీటరు పెట్టాడు. బల్బు చూడకుండా మీటరు పెడితే, షార్టు ఉన్న బండిలో ముందు పోయేది మీటరే.

మీటరు 0.8 ఆంపియరు చూపినది. గడియారమూ, పాటల పెట్టే జ్ఞాపకము పెట్టుకొనేందుకు 0.03, మహా అయితే 0.05 పోవచ్చునట. లెక్క మాకు వదలిపెట్టితే చేతకాని పని కాదు. రోజుకు 24 గంటలు, గంటకు 0.8, అంటే రోజుకు 19కి పైన. నాలుగు రోజులకు 77. ఉన్నది 80. అంగడివాడితో పోట్లాడవలసిన అవసరము లేదని మా తమ్ముడికి ఆ కాగితము చూపించాము.

తరువాత ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ మీటరు చూచాడు. ఏ ఫ్యూజు తీసినప్పుడు అంకె పడిపోవునో తిండిపోతు ఆ దారిలో ఉన్నట్లు. ఒకటి తీశాడు, రెండు తీశాడు, పదకొండూ తీశాడు. అంకె కదలలేదు. ఆయన ముఖము అప్పుడు మారినది. "ఫ్యూజుకు దొరకని తీగ ఒకటి ఉండాది సారూ" అని బ్యాటరీ పాజిటివ్ మీద ఉన్న ఒక ఎర్ర తీగను పట్టుకొన్నాడు. అది నేరుగా బ్యాటరీనుండి రేకు రంధ్రము గుండా లోపలికి పోయి, మంచము వెనుక చెక్కలో మాయమైనది.

చెక్క విప్పించాము. తీగ పై తొడుగు ఒక మూరెడు మేర గోధుమరంగుకు మాడి, పెళుసై, చేయి తగిలితే రాలుతున్నది. ఒకచోట రేకు అంచుకు ఒరుసుకొని రాగి కనబడుతున్నది. రేకుకు తగలటానికి వేలెడు దూరము కూడ లేదు. ఆ చోటు సరిగా మా అమ్మ తల పెట్టుకొన్న దిండు వెనుక. తీగ చివర ఇన్వర్టరు, బొత్తాము వేసియే ఉన్నది. దానికి ఎవరూ పని చెప్పకపోయినా మేలుకొనియుండేందుకే 0.8 తింటున్నది.

"కెటిల్ పెట్టినారా?" అన్నాడాయన. పెట్టామన్నాము. ఇంట్లో 230 వోల్టుల మీద 500 వాట్ల కెటిల్‌కు రెండు ఆంపియర్ల పైచిలుకు చాలు. అదే 500 వాట్లను 12 వోల్టుల బ్యాటరీనుండి తీయవలెనంటే 42, ఇన్వర్టరు తినే నష్టము కలిపితే 50కి దగ్గర. బండిని మార్పించినవారు దానికి వేసినది ఇళ్లలో ప్లగ్గులకు వేసే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ. అది ఓర్చుకొనేది ఇరవై, ఆ ప్రాంతములో. నడుమ ఫ్యూజు లేదు. ఫ్యూజు కెటిల్‌ను కాపాడేందుకని ఇన్నాళ్లూ అనుకొన్నాము. అది కాపాడేది తీగను. మేము నీళ్లు కాగుతున్నవని మురిసిన పది నిమిషాలూ అమ్మ తల వెనుక తీగ కాగుతున్నది. వాసన వస్తున్నదని ఆమె చెప్పింది. రెక్సిన్ అన్నది మేము.

ఆ సాయంత్రము ఇంటికి పోయి ఈ సంగతి అమ్మకు చెప్పలేదు. మా తమ్ముడికి చెప్పాము. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

పని మూడు రోజులు పట్టినది. ఇన్వర్టరుకు 25 చదరపు మిల్లీమీటర్ల తీగ, బ్యాటరీ ప్రక్కనే 80 ఆంపియర్ల ఫ్యూజు, చేతికి అందేచోట ఆపుకొనే స్విచ్చు. రేకు దాటే ప్రతిచోట రబ్బరు తొడుగు. లోపలి దీపాలకు, ఫ్యానుకు వేరే బ్యాటరీ పెట్టి, ఇంజను తిరిగేటప్పుడు మాత్రమే రెండూ కలిసేటట్లు రిలే వేశాడు. రాత్రి ఎంత వాడుకొన్నా సెల్ఫ్ బ్యాటరీ జోలికి పోదు. నీళ్ల పంపు తిరిగితే దీపాలు మసకబారే జబ్బు ఎర్తుదని తేలినది: నల్ల తీగను రంగు వేసిన రేకు మీదనే బిగించియున్నారు. రంగు గీకి బిగిస్తే ఐదు నిమిషాలలో కుదిరినది. చివర మీటరు పెడితే 0.03, ఇంజను ఆగియుండగా 12.6 వోల్టులు, తిరుగుతుండగా 14.2. ఈ మూడంకెలు ఆఫీసు పద్ధతిలో తేదీ వేసి వ్రాసిపెట్టుకొన్నాము. ఇప్పటికీ నెలకొకసారి చూచి వ్రాస్తున్నాము. బ్యాటరీ మార్చుకోమని చెప్పిన మొదటి మెకానిక్ మీద మాకు కోపము లేదు. ఆ పాతది ఎటూ పోయేదే.

ఒక శనివారము బయలుదేరాము. బెంగళూరు దాటి, చిక్కబళ్లాపురము, బాగేపల్లి, కొడికొండ, గోరంట్ల మీదుగా, అమ్మ పడుకొనే కదిరి చేరినది. చక్రాల కుర్చీలో స్వామి దర్శనము చేయించాము. కాపడానికి వేడినీళ్లు ఇంటినుండి పెద్ద ఫ్లాస్కులో తెచ్చుకొన్నాము.

ఆ రాత్రి సత్రము ఎదుట బండి నిలిపి, మేము క్రింద చాప వేసుకొన్నాము. నిద్ర పట్టక రెండుసార్లు లేచి, చెక్కకు ముక్కు ఆనించి వాసన చూచి వచ్చాము. మూడోసారి పోతే చీకట్లోనుండి అమ్మ అన్నది: "ఏమీ రాలేదులేరా. పోయి పడుకో."